మేకపోతు గంట

సుంకన్న నాయన కౌలుకు శనక్కాయ వేసిన నేలలో ఇప్పుడు సోలార్ పలకలు నిలబడి ఉన్నాయి. కుందుర్పి దారి నుంచి చూస్తే చెరువు నిండినట్టు ఉంటుంది. సుంకన్న గొర్రెలు మొదట్లో నీళ్ళనుకుని కంచె దాకా పరుగెత్తేవి. అక్కడ ఆగి, వాసన చూసి, తిరిగొచ్చేవి.

ఆ ఏడు వాన ముఖం చాటేసింది. బీళ్ళు తెల్లబడ్డాయి. వచ్చే సంతలోపు మేత దొరక్కపోతే మందను అమ్మేద్దామని సుంకన్న, అతని భార్య నల్లమ్మ అనుకున్నారు.

కంచె లోపల మాత్రం పచ్చగా ఉంది. పలకల మీద దుమ్ము కడిగిన నీళ్ళు అంచుల వెంట జారి నేలలో ఇంకేవి. పైన నీడ ఉండడంతో తేమ తొందరగా ఆరేది కాదు. గడ్డి ఏపుగా లేచి పలకల మీదికే తల ఎత్తుతోంది. దాన్ని కోయించడానికి కూలీలు దొరక్క సూపర్‌వైజర్ ఓబిలేష్ తల పట్టుకున్నాడు. అతనిది గార్లదిన్నె. మాట కరుకు.

"గొర్రెలైతే తోలుకో పెద్దాయనా. మేక మాత్రం వద్దు. అది ఎక్కుతాది, తీగలు కొరుకుతాది. రేపు ఒక దినం చూస్తాం. బాగుంటే పై సార్లకు నేనే చెప్తా."

"సరేలేప్పా" అన్నాడు సుంకన్న.

అన్నాడు గానీ, మేక లేని మందను అతను ఎన్నడూ తోలలేదు. గొర్రె కొత్త చోటికి తనంతట తాను పోదు. మెడలో గంట కట్టిన మేకపోతు ముందు నడవాలి, తలలు వంచుకుని మంద వెనక నడవాలి. అతని నాయన మందలోనూ అంతే.

"దాన్ని ఇంటికాడ కట్టేయ్. ఆయప్ప వద్దన్నాడు కదా" అంది నల్లమ్మ తెల్లవారి.

"గేటు దాటినాక పట్టుకుంటాలే."

మంద నడుమ దాచి తెచ్చిన మేకపోతు గేటు దగ్గర ముందుకొచ్చింది. దాని వెనక గొర్రెలన్నీ నిమ్మళంగా లోపలికి నడిచాయి. సుంకన్న పట్టుకునేలోపే అది ఒక్క దూకులో పలక మీదికి ఎక్కి, పైఅంచున నిలబడి ఊరంతా చూసింది.

"దింపు! పగిలితే నా ఉద్యోగం పోతాది!" ఓబిలేష్ పరుగెత్తుకొచ్చాడు.

మంద వెంట వచ్చిన నల్లమ్మ కొంగులో తెచ్చుకున్న రొట్టె ముక్క చూపిస్తే గానీ మేకపోతు దిగలేదు. పలక పగల్లేదు. గిట్టల మరకలను సుంకన్న తువ్వాలుతో తుడిచాడు.

"తప్పైందప్పా. ఇది లేకుంటే అవి రావు."

"రాకుంటే తోలుకపో."

మేకపోతు గేటు దాటింది. మంద కూడా దాని వెనకే బయటికొచ్చేసింది. నల్లమ్మ మేకపోతు కొమ్ము పట్టుకుని నిలబడింది. ఇక మిగిలింది సంతే.

సుంకన్న వంగి, మేకపోతు మెడలోని గంట విప్పి తన మెడకు కట్టుకున్నాడు.

"ఏం జేస్తాండావు?"

"ఇవి గంట ఎనకాల వస్తాయేమో. గడ్డం ఎనకాల కాదేమో."

"గడ్డానికేం, నీకూ ఉండాదిలే. కొమ్ములే తక్కువ."

ఓబిలేష్ నవ్వకుండా ఉండాలని చూశాడు. కుదరలేదు. "ఇదొక్కసారే" అన్నాడు.

సుంకన్న నడుం వంచి పలకల కిందికి నడిచాడు. గంట మోగింది. గొర్రెలు చెవులు తిప్పాయి గానీ కదల్లేదు. అతను వెనక్కి చూడలేదు. మేకపోతు వెనక్కి చూడదు. ఇంకాస్త లోపలికి పోయాక, వెనక గడ్డి పీకుతున్న చప్పుడు వినిపించింది. ముందు ఒక్క ముసలి గొర్రె. తర్వాత మందంతా.

నడి పొద్దున బయటి బీడులో ఎండకు గొర్రెలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడతాయి. ఆ రోజు అవి పలకల నీడలో దేనికది మేశాయి. సాయంత్రానికి ఓబిలేష్ వచ్చి, కురచబడిన గడ్డిని, నేల మీద రాలిన పెంటికలను చూశాడు.

"ఎరువు కూడా వేసిపోయినాయే! రేపు రా పెద్దాయనా. గంట మర్చిపోవద్దు."

ఆ ఏడు మంద సంతకు పోలేదు. మేసిన చోట గడ్డి మళ్ళీ చిగురించింది. గొర్రెలకు దారి అలవాటైపోయినా సుంకన్న గంట విప్పలేదు. పొద్దున్నే అతను వీధిలో గణగణమంటూ పోతుంటే, ఇంటికాడ కట్టేసిన మేకపోతు ఆ చప్పుడు విని అరుస్తుంది.

"పోనీలే, మా ఆయన నీ పని బాగానే నేర్చినాడు" అని దాని ముందు ఆకు వేస్తుంది నల్లమ్మ.