ఇసాబురో తాత కప్పలు

ఇసాబురో తాత ఏ పనీ పూర్తి చెయ్యడు. చెయ్యలేక కాదు, చెయ్యడు, అంతే. మంగలి దుకాణం నడిపిన రోజుల్లో ఆయన దగ్గర క్షవరం చేయించుకున్నవాళ్లు వీధి చివరిదాకా వెళ్లి, చెవి పక్కన తడుముకుని, తిట్టుకుంటూ వెనక్కి వచ్చేవాళ్లు. "వస్తావని తెలుసు, టీ పెట్టే ఉంచాను" అనేవాడు.

అలాంటి మనిషికి కాగితం కప్పలు మడిచే పని అప్పజెప్పడం మినెకో చేసిన బుద్ధితక్కువ పని. ఆ వీధి మహిళా సంఘానికి ఆవిడే పెద్ద. ఊరి ఆసుపత్రిలో నెలల తరబడి ఉండిపోయే పిల్లలకు ఒక ఆటగది ఏర్పాటు చెయ్యాలని ఆవిడ పట్టుదల. దానికి డబ్బు కోసం పోయినేడు సంతలో కాగితం కొంగలు అమ్మకానికి పెడితే మెచ్చుకున్నవాళ్లే గానీ కొన్నవాళ్లు లేరు. ఈసారీ అంతే అయితే ఆటగది ఊసెత్తొద్దని సంఘం తేల్చి చెప్పేసింది.

సంత రోజు పొద్దున్నే మినెకో తాత కప్పల పెట్టె మూత తీసి చూసింది. ఒక్కదానికీ వెనక కాళ్ల మడత లేదు. అది లేనిదే కప్ప గెంతదు.

"తాతా! ఇవి కప్పలా, ఎండుచేపలా?"

"కప్పలే. ఒక్క మడతేగా తక్కువ."

"ఆ ఒక్కటీ వేస్తే నీ సొమ్మేం పోయింది?"

"వేసేస్తే ఇంక చెయ్యడానికేముంటుందమ్మా?"

"నిన్ను కాదు, నీకు చెప్పిన నన్ననాలి!"

మినెకో ఆయన పెట్టెను బల్ల కిందికి తోసి, తను మడిచి తెచ్చిన కప్పల్ని బల్ల మీద ముద్దుగా పేర్చుకుంది. మధ్యాహ్నం దాకా ఈగలు తోలుకుంది.

అప్పుడు ఆసుపత్రి పిల్లలు చక్రాల కుర్చీల్లో వచ్చారు. తాత పెట్టె బయటికి లాగి, చిజు అనే పిల్ల చేతిలో ఒక కప్ప పెట్టాడు.

"చిజూ, కళ్లు కనిపించి చావట్లేదే. ఈ మడత కాస్త వేసి పెట్టవూ?"

చిజు గోటితో నొక్కి మడిచి, వేలితో ఒక్క మీట మీటింది. కప్ప ఎగిరి, ఎదురుగా నూడుల్స్ తింటున్న పెద్దమనిషి గిన్నెలో పడింది.

"ఇది నేనే కొంటా!" అన్నాడాయన, మూతి తుడుచుకుంటూ.

"నాకూ ఒకటి!"

"తోసుకోకండి, వరసలో రండి!" చిజు గదమాయించింది. పిల్లలు మడుస్తున్నారు, పెద్దలు కొంటున్నారు.

"ముందే చెప్పి చావొచ్చుగా, తాతా!" అంది మినెకో.

"చెబితే పిల్లలు అలిసిపోతారంటావు. ఏడాది పొడుగునా వాళ్లకి అందరూ ఇచ్చేవాళ్లేనమ్మా. వాళ్ల దగ్గర ఒక్కరైనా పుచ్చుకుంటే కదా..." అని అక్కడితో ఆపేశాడు.

మినెకోకి ముసలాడి మీద ముద్దూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"మడత లేని కప్పలు అయిపోతున్నాయి!" చిజు కేకేసింది.

మినెకో అటూ ఇటూ చూసి, బల్ల చాటున కూలబడి, వారమంతా కష్టపడి మడిచిన తన కప్పల వెనక కాళ్ల మడతలు ఒక్కొక్కటిగా విప్పడం మొదలుపెట్టింది.