పాలకాయతిప్ప దారిలో మా సువార్త బండి కమానులు

మీ బండిలో మీ ఇంటివాళ్లు భయం లేకుండా కూర్చుంటారా? జవాబు నాకు చెప్పనక్కర్లేదు, మీకు మీరే చెప్పుకోండి. నేను ఊరూరా నిలబడి నమ్మండి, నమ్మండి అని గొంతు చించుకునేవాణ్ణి. నా భార్య కరుణమ్మ మాత్రం మా సువార్త బండిని నమ్మనని తెగేసి చెప్పింది. ఈ ప్రయాణం అక్కడ మొదలైంది.

అది యుద్ధం రోజుల్లో గాయపడినవాళ్లను మోసిన పాత వ్యాను. వేలంలో కొని, లోపల రెండు గోడలకూ ఆనించి పొడవాటి బల్లలు వేయించాం. పగలు కూర్చోవడానికీ, రాత్రి పడుకోవడానికీ అవే. పైన లౌడుస్పీకరు, బల్ల కింద పుస్తకాల ట్రంకు, కిరసనాయిలు పొయ్యి, నీళ్ల డబ్బా. ఏ ఊళ్లోనూ బస వెతుక్కోవాల్సిన పని లేదు. ఇబ్బందల్లా దాని నడకే. గట్ల మీద తాగినవాడిలా ఊగుతుంది. పోయిన నెల పెదన దగ్గర కాలవ వైపుకు ఎంత ఒరిగిందంటే, కిటికీలోంచి కరుణమ్మకు నీళ్లలో తన ముఖం కనబడిందట. దిగిపోయి ఊరిదాకా నడిచింది. "ఇక దీన్లో ఎక్కనండీ. దేవుణ్ణి నమ్మమంటే నమ్ముతాను, దీన్ని నమ్మమనకండి," అంది.

పాలకాయతిప్ప దగ్గరి జాలరి పేటలో ఆడవాళ్లకు శనివారం వస్తానని మాట ఇచ్చింది కూడా తనే. నేనొక్కణ్ణే వెళ్తే నలుగురు మగవాళ్లు వలలు బాగుచేసుకుంటూ వింటారు, ఆడవాళ్లు గుమ్మం దాటి రారు. కరుణమ్మ హార్మోనియం పెట్టె తెరిస్తేనే వస్తారు. తను కోడూరు దాకా బస్సులో వెళ్లి, అక్కణ్ణుంచి నడుస్తానంది. భార్య కాలినడకన, భర్త సువార్త బండిలో ఆ పేటకు చేరితే, నేను ఏ నోటితో విశ్వాసం గురించి చెప్పాలి?

బందరులో బస్సు నడిపే కరుణమ్మ అన్న ఏసుదాసు వచ్చి, బండి వెనక బంపరు మీద నిలబడి ఊపి చూశాడు. "కమానులు చచ్చిపోయాయి బావా. గుడివాడలో మస్తాన్ గారి షెడ్డుకి తీసుకెళ్లు," అన్నాడు. కమానులంటే ఇరుసు మీద బండి బరువును మోసే వంగిన ఉక్కు పట్టీల కట్టలు. పట్టీ మీద పట్టీ పేర్చి నడుమ బోల్టుతో బిగిస్తారు.

బుధవారం తెల్లవారగానే బందరు నుంచి ఒక్కణ్ణే బయల్దేరాను. పెదన, కవుతరం, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడకు నెమ్మదిగా నడిపినా రెండు గంటలు పట్టదు. విచిత్రమేమంటే, ఆ వేళ బండి గొర్రెపిల్లలా నడిచింది. పెదన గట్టు మీద కూడా ఒరగలేదు. ప్రార్థన చేసి బయల్దేరాను గనక అనుకున్నాను. మరి ప్రతిసారీ ప్రార్థన చేసే కదా బయల్దేరతాను? ఆ ప్రశ్న గుడివాడ రైలు గేటు దాకా నన్ను వదల్లేదు.

మస్తాన్ గారు బండి కిందికి దూరి, లోపలినుంచే అన్నారు. "అయ్యగారూ, పైన రంగు బాగా వేయించారు. కింద మాత్రం చిలకలపూడి గిల్టు గొలుసేనండి." నన్నూ పక్కన పడుకోబెట్టి చూపించారు. వెనక ఎడమ కమానులో పెద్ద పట్టీకి చీలిక వచ్చింది. దాన్ని మార్చాలి, రెండు వైపులా ఒక్కో పట్టీ అదనంగా వెయ్యాలి, ఊపు ఆపే షాకబ్జార్బర్లు కొత్తవి బెజవాడ నుంచి తెప్పించాలి అన్నారు.

అక్కడే టీ తాగుతున్న లారీ డ్రైవరు ఒకాయన అడ్డం తగిలాడు. "అదనం వేస్తే గాడిదలా ఎగురుద్దండి. ఉన్న పట్టీలు విప్పి, తుప్పు గీకి, మధ్యన గ్రీజు రాస్తే చాలు."

"నీది ధాన్యం లారీ. ఆయనది మనుషులెక్కే బండి," అన్నారు మస్తాన్ గారు.

"అదేగా నేను చెప్పేది. బస్తాకి నడుం ఉంటదా?"

ఇద్దరూ తీర్పు చెప్పమన్నట్టు నా వైపు చూశారు. నేను సంచిలోంచి బైబిలు తీశాను. ఒకరి భారాలు ఒకరు మోయమని ఒకచోట ఉంది. నాలుగు వరసలు దిగితే ఎవరి బరువు వారే మోసుకోవాలని ఉంది. ఈ రెంటి మీదా ఎన్నో ఏళ్లుగా బల్ల గుద్ది చెబుతున్నాను. అవి ఒకదానికొకటి ఎదురుగా కూర్చుని ఉన్నాయని ఆ షెడ్డులో, నూనె మరకల మధ్య కూర్చున్నప్పుడే నాకు తట్టింది. పట్టీ మీద పట్టీ వెయ్యాలా, ఉన్నవాటినే శుభ్రం చెయ్యాలా?

"అందులో కమానుల సంగతి ఉండదు కదండీ," అన్నారు మస్తాన్ గారు మర్యాదగానే. "విప్పమంటారా, వద్దంటారా?"

విప్పమన్నాను. చీలిన పట్టీ మార్పించి, అదనపు పట్టీలు వేయించి, బెజవాడ నుంచి వచ్చిన షాకబ్జార్బర్లు బిగింపించి, గ్రీజు కూడా రాయించాను. ఇద్దరి మాటా నెగ్గింది, నా అనుమానం మాత్రం తీరలేదు. సామానుకూ కూలికీ కలిపి నూరు రూపాయలు దాటింది. మీరు వెళ్తే రెండు రోజులు ఆగేలా వెళ్లండి. స్టేషను దగ్గర భోజనం బాగుంటుంది.

శుక్రవారం తిరిగివస్తుంటే లారీ డ్రైవరు చెప్పినట్టే అయింది. గుడ్లవల్లేరు రోడ్డు మీది ప్రతి రాయీ నా వెన్నుపూసను పలకరించింది. మలుపుల్లో మాత్రం ఊపు లేదు. బండి బాగుపడిందో, చెడిందో తేల్చుకోలేకపోయాను. పూర్వం దేవుని ఆజ్ఞల పలకలున్న పెట్టెను, ఆ మందసాన్ని, మోసే బండి తడబడినప్పుడు, అది పడిపోకుండా చేయి చాచినవాడు దేవుని కోపానికి అక్కడికక్కడే కూలిపోయాడు. ఊగే బండిని సరిచేయబోవడమే తప్పేమోనని కూడా అనిపించింది.

కరుణమ్మ బండి చుట్టూ తిరిగి చూసింది. "మాట ఇచ్చాను గనక ఎక్కుతాను. ఒక్కసారి ఒరిగితే దిగిపోతాను. మళ్లీ ఎక్కమని మీరు అడగకూడదు." సరేనన్నాను.

శనివారం మాతో ఏసుదాసు, సంఘపెద్ద ప్రకాశం గారు, ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్లకు వాక్యం చెప్పే మార్తమ్మ గారు వచ్చారు. గుళ్లో కూర్చున్నట్టే మగవాళ్లు కుడి బల్ల మీద, ఆడవాళ్లు ఎడమ బల్ల మీద సర్దుకున్నారు. హార్మోనియం కరుణమ్మ కాళ్ల దగ్గర, ట్రంకు ఆ బల్ల కిందే. చల్లపల్లిలో కాఫీ తాగి, మోపిదేవి దాటి, కాలవను నది దాటించే పులిగడ్డ అక్విడక్టు వంతెన మీదుగా అవనిగడ్డ చేరాం. పెట్రోలు, మంచినీళ్లు అక్కడే నింపుకోండి, ఆ తర్వాత నమ్మకం లేదు. అంతదాకా బండి ఎగిరింది గాని ఒరగలేదు. అద్దంలో కరుణమ్మ ముఖం చూస్తున్నాను. చేత్తో కిటికీ ఊచ పట్టుకునే ఉంది.

కోడూరు దాటాక కంకర అయిపోయింది. కాలవ గట్టు మీద ఎడ్లబండ్ల గాడి లోతుగా పడి ఉంది. ఇలాంటిచోట మగవాళ్లు దిగి, బరువు తగ్గించి, వెనకనుంచి నెట్టడం మా ఆనవాయితీ. ఆడవాళ్లను బురదలో దింపం. ఏసుదాసూ ప్రకాశం గారూ పంచెలు ఎగ్గట్టి దిగారు. నాలుగు గజాలు కదిలామో లేదో, బండి ఎడమవైపుకు, కాలవ మీదికి వాలింది. బ్రేకు తొక్కాను. మార్తమ్మ గారు పైకే ప్రార్థన మొదలుపెట్టారు. కరుణమ్మ లేచి వెనక తలుపు తీసి, మెట్టు మీద కాలు పెట్టింది. అయిపోయింది అనుకున్నాను.

దిగలేదు. అక్కడే నిలబడి అడిగింది. "ఏవండీ, ఇందాకటి దాకా ఒరగలేదు కదా?"

"లేదు."

"పెదన దగ్గర కూడా అన్నయ్యా వాళ్లూ దిగాకే ఒరిగింది."

"బండి తేలికవ్వాలనే కదే మేం దిగింది," అన్నాడు ఏసుదాసు.

"అయింది. ఒకవైపే తేలికయింది."

ప్రకాశం గారు గడ్డం గోక్కున్నారు. "మేం ఎక్కి కూర్చుంటే నెట్టేదెవరమ్మా?"

కరుణమ్మ మెట్టు మీంచి కాలు వెనక్కి తీసుకుంది. లోపలికి వెళ్లి హార్మోనియాన్ని కుడివైపుకు లాగి, మగవాళ్ల బల్ల మీద కూర్చుంది. మార్తమ్మ గారి ప్రార్థన ఆగిపోయింది. "అమ్మాయ్, అది మగాళ్ల వైపు."

"గుళ్లో కాదుగా పిన్నీ. నువ్వక్కడే ఉండు, నేనిక్కడుంటాను."

వాళ్లు నెట్టారు, నేను నడిపాను. బండి ఒకసారి మూలిగి నిటారుగా లేచింది. గట్టు దాటాం. అద్దంలో చూస్తే కరుణమ్మ చేయి కిటికీ ఊచ మీద లేదు. హార్మోనియం జారకుండా పట్టుకుని ఉంది.

పేటలో ఆడవాళ్లు చేపల బుట్టలు దించి మరీ వచ్చారు. "బండి ఎగురుకుంటా వస్తంటే అలమీద తెప్ప అనుకున్నామండీ," అందొక పెద్దావిడ. ఇసుక మీద కట్టిన ఇల్లు కూలుతుంది, బండ మీద కట్టిన ఇల్లే నిలుస్తుంది అని చెప్పాలని వెళ్లాను. కళ్లెత్తితే నాలుగు దిక్కులా ఇసుకే. ఏదో చెప్పాను. వాళ్లు విన్నది కరుణమ్మ పాటనే.

మమ్మల్ని కాపాడిందేమిటో ఇది రాస్తున్న వేళకు కూడా నాకు తేలలేదు. షాకబ్జార్బర్లంటాడు ఏసుదాసు. ప్రార్థన అంటారు మార్తమ్మ గారు. చీలిన పట్టీ ఆ గాడిలో విరిగి ఉంటే, కూర్చునే చోటు మార్చి ఏం లాభం? చోటు మార్చకపోతే కొత్త పట్టీలన్నీ కాలవలోనే ఉండేవి. మరి బుధవారం రెండు బల్లలూ ఖాళీగా ఉన్న బండి ఎందుకు ఒరగలేదో, ఆ రోజే అర్థం కావలసింది. కాలేదు. ఆదివారం గుళ్లో నిలబడి, నాకు తెలియదు అన్నాను. ఆ మాట అక్కడినుంచి అనడం నాకదే మొదలు. ఎవరూ లేచి వెళ్లిపోలేదు.

ఒక్క సలహా. కమానులు మార్చే ముందూ, మార్చిన తర్వాతా, బండిని ఖాళీగా చూసి మోసపోకండి. మీవాళ్లు రోజూ ఎలా కూర్చుంటారో అలాగే కూర్చోబెట్టి, సామాను రోజూ ఉండే చోటే ఉంచి, వెనకకు వెళ్లి నిలబడి చూడండి. ఆ తర్వాత కిందికి దూరి పట్టీలు తడమండి. రేపు అనకండి, గట్టు రేపటిదాకా ఆగదు. ఈ సాయంత్రం దీపం పెట్టేలోగా, బండి ఎప్పుడు ఒరుగుతుందో అందులో కూర్చునేవాళ్లను అడగండి. అడిగి, చెప్పేదంతా వినండి. ఇవాళే.