అత్తగారు ముందు చెయ్యి చాపారు

ఆ రోజుల్లో ఒంట్లో బాగాలేదని చెప్పుకోవాలంటే ఒళ్ళు కాలిపోతుండాలి, లేదా ఎక్కడో రక్తం కారుతుండాలి. ఊరికే నీరసంగా ఉందంటే దాన్ని రోగం అనేవారు కాదు, బద్ధకం అనేవారు. అల్లవరం పక్క పల్లెకు కోడలిగా వచ్చిన కొత్తల్లో నాకున్నది సరిగ్గా ఆ రకమే. పొద్దున్న లేస్తే వేళ్ళు ముడుచుకోవు, కల్లాపి బకెట్టు పట్టుకోలేను, మధ్యాహ్నానికి ఒళ్ళు తడిసిన గోనెసంచిలా బరువెక్కిపోతుంది. చూడ్డానికి మాత్రం బొద్దుగా, నిగనిగలాడుతూ ఉండేదాన్ని. (అదే నా కొంప ముంచింది.) మా అత్తగారు కొబ్బరి ఈనెలు చీలుస్తూ వీధంతా వినేలా, "మా కోడలికి మంచం అచ్చొచ్చిందండీ!" అనేవారు.

చివరికి ఆవిడే తేల్చేశారు. కొత్తపేట దగ్గర నాడి చూసే వైద్యుడుగారు ఉన్నారని, ఆయన ఏమీ లేదంటే అట్నుంచి అటే నన్ను పుట్టింట్లో దింపేస్తాననీ. మా ఆయన "ఆయ్" అన్నారు. వాళ్ళమ్మ దగ్గర అంతకు మించి మాట్లాడగా నేనెన్నడూ వినలేదు, పాపం, ఆయన పోయేవరకూ.

పరగడుపున చూపించుకోవాలి కనుక మొదటి బస్సుకే వెళ్ళాం. దారి పొడుగునా అత్తగారిది ఒకటే హెచ్చరిక. "నోరు విప్పేవు సుమా! రోగం మనం చెప్పకూడదు. చెయ్యి పట్టుకుని ఆయనే చెప్పాలి. మనమే చెప్పేస్తే ఇంక ఆయన గొప్పేముందే?"

వైద్యుడుగారు పెద్దాయన. అరుగు మీద కళ్ళు మూసుకుని కూర్చుని, "ఆడవాళ్ళయితే ఎడం చెయ్యి ఇవ్వండమ్మా" అన్నారు. నేను చాపబోయేసరికి మా అత్తగారు నన్ను మోచేత్తో పక్కకు నెట్టి తన చెయ్యి పెట్టేశారు. ఆయన్ని పరీక్షించడానికట! తన ఒళ్ళు రాయిలాంటిదని ఆవిడ ఊరంతా చెప్పుకునేవారు. లేని రోగం చెప్పాడంటే దొంగ వైద్యుడని అక్కడే తేలిపోతుందన్నమాట.

"లేవగానే వేళ్ళు పట్టేస్తాయి," అన్నారాయన నెమ్మదిగా. "పడుకుని లేచినా అలసట తీరదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అవునా తల్లీ?"

అవన్నీ నావి! ఆవిడ చేతిలో నా రోగం చదివేశాడంటే ఈయనకి ఏమీ రాదు, ఇప్పుడీవిడ లేచి దులిపేస్తారు, నేను పుట్టింటికి పోతాను అనుకున్నాను. ఆవిడ లేవలేదు. చూస్తే కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడుస్తున్నారు.

"ఎవరికి చెప్పుకోనండీ! నేను కూలబడితే ఇల్లెవరు నడుపుతారండీ!"

ఆ తరవాత నా చెయ్యి. నాకు వేరే భయం పట్టుకుంది. ఉన్న రోగమంతా ఆవిడకే చెప్పేశారు, ఇంక నాకేం మిగిలింది? ఆయన చాలాసేపు పట్టుకుని, "ఇదీ వాతమే. ఈ పిల్లకి ఇంకాస్త ముదిరింది," అన్నారు.

"నాకంటేనా?" అన్నారు మా అత్తగారు గభాలున.

"ఆయ్, మీకంటేనే."

ఆవిడ ముఖం చిన్నబోయింది. (ఇది రాస్తున్న మా మేనకోడలు నవ్వుతోంది. నవ్వనీ.) మరుక్షణమే తేరుకుని, "ఇద్దరికీ కషాయం ఒకే కుండలో కాసుకోవచ్చాండీ?" అని అడిగారు.

ఎండుచేపలు, వంకాయ, గోంగూర, చింతపండు అన్నీ బంద్. వండేది మేమే కనుక ఇంట్లో అందరికీ చప్పిడి కూడే. "రోగం మీకు, పథ్యం మాకూనా?" అని మా మామగారు కంచం ముందు కూర్చుని మూలిగేవారు. కషాయం తాగి అత్తాకోడళ్ళం పక్కపక్కన మంచాలు వాల్చేవాళ్ళం. అడిగినవాళ్ళకి అత్తగారే, "మాకు వాతమండీ. మా కోడలిది ముదిరిందండీ," అని చెప్పేవారు. తగ్గిందా అంటే ఏమని చెప్పను? కొన్నాళ్ళు తేలిగ్గా ఉండేది, కొన్నాళ్ళు మామూలే.

అత్తగారూ మా ఆయనా ఇద్దరూ పోయాక ఈమధ్య వేళ్ళు వంకర్లు తిరుగుతుంటే అమలాపురంలో చూపించుకున్నాను. రక్తపరీక్ష చేశారు. ఒంటిని కాపాడే శక్తే ఎదురుతిరిగి కీళ్ళని కొరుకుతోందట. ఆ డాక్టరుగారు కుర్రాడు, మంచివాడు. "ఇది పూర్తిగా పోయేది కాదమ్మా, జీవితాంతం మందులు వాడాలి," అని జాలిగా చెబితే నాకు నవ్వొచ్చింది. అర్థం కాలేదనుకుని మళ్ళీ చెప్పాడు పాపం.

అర్థం కాకేం నాయనా! నీకు రోగం ఉందన్న మాట విని, ఆనాడు కొత్తపేట నుంచి తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పండక్కి కొత్తచీర కొనిపెట్టినంత సంబరపడిన పిల్ల గుర్తొచ్చింది.