ఆటల కార్డు, తొలి చీర

మొన్న మనవడు ఫోన్‌లో ఆడుకుంటూ మధ్యలో ఆపి, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేముల్లోకి దొంగ ఆటలు ఎక్కించే కార్డులను ఏదో దేశంలో కోర్టు నిషేధించిందట అవ్వా, అని వార్త చదివి వినిపించాడు. వాడికది వింత, నాకేమో మానిన పుండును కెలికినట్టయింది.

కడప జిల్లాలో మాదొక మగ్గాల వీధి, అందులో మా నాయన నేసే జొన్నకంకుల అంచు చీరకు పేరుండేది. నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఒకరి అంచు నచ్చితే ఇంకొకరు నేసుకోవడం తప్పు కాదు, కాకపోతే మగ్గం దిగిన తొలి చీరను పసుపు కుంకాలతో ఆ అంచు వాళ్ళింటికి పట్టుకెళ్ళి, అక్కడి ఆడవాళ్ళ చేతికిచ్చి రావాలి. మా అమ్మ ఏ పండక్కూ చీర కొని ఎరగదంటే కారణం అదే.

మా తమ్ముడు మాత్రం మగ్గం గుంటలో కాలు పెట్టనని మొండికేసి, కడపలో చిన్న అంగడి తెరిచాడు. కువైట్‌లో కష్టపడే తండ్రులు పిల్లలకు ఆ గేములైతే పంపేవారు గాని, ఒక్కో ఆట కొనాలంటే ఇల్లు గుల్లయ్యేది. వీడు అమ్మే కార్డును ఆ గేము వెనకవైపు దోపితే కావలసిన ఆటలన్నీ కొనకుండానే వచ్చేవి. ఒకరోజు ఎవరో పెద్దమనిషి వచ్చి "ఏమప్పా, ఇది ఎట్ల పనిచేస్తాది?" అని అడిగితే, వీడు కుర్చీ వేసి, టీ తెప్పించి, ఆట ఆడించి మరీ చూపించాడు. ఆయన గేముల కంపెనీ తరఫు మనిషని, బయట పోలీసులున్నారని టీ తాగడం అయ్యాకే తెలిసింది. దాచుకోవాలన్న తెలివి మా వీధిలో పుట్టినవాడికి ఎక్కడినుంచి వస్తుంది!

మర్నాడు నాయన మగ్గం మీది చీర కోసి, మడతపెట్టి, పసుపు కుంకుమ పొట్లంతో తమ్ముణ్ణి పెట్టిన పోలీసు స్టేషన్‌కు బయలుదేరాడు, వెంట నేనూ వెళ్ళాను. చీరను ఆ కంపెనీ మనిషి ముందు పెట్టి, "మావాడు తెలీక తొలి చీర ఇయ్యలేదు సార్. ఈ ఆట చేసినోళ్ళు యాడుండారో మాకు తెలీదు, వాళ్ళింట్లో ఆడోళ్ళకు ఇది నువ్వే ఇయ్యి నాయనా" అన్నాడు. అందరూ నవ్వారు. చీర ఆయన సంచిలోకి పోయింది, కేసు కోర్టుకు పోయింది. అంగడి మూతపడింది, వాయిదాలకు తిరిగి తిరిగి తమ్ముడి వయసంతా కరిగిపోయింది, కువైట్‌కైనా పోదామంటే కేసుందని పాస్‌పోర్టు రాలేదు. నాయన ఆ నవ్వును చివరిదాకా మరవలేదు.

చట్టం తప్పని నేననను, ఎవరి కష్టం వాళ్ళది. కానీ మగ్గాల మీద నేసే చీరలను మరమగ్గాల మీద నేయకూడదని కూడా ఒక చట్టం ఉందట, అది మాత్రం ఇంతవరకు మా వీధికి దారి కనుక్కోలేకపోయింది. కడపలో పెద్ద బట్టల షోరూంలో ఇప్పుడు నాయన జొన్నకంకుల అంచు మరమగ్గం చీరలుగా గుట్టలు పడి ఉంది, వాటి మడతలు విప్పి చూపించే ఉద్యోగం మా తమ్ముడిది. "శానా బాగుండాది, తీసుకోమ్మా" అని వాడు ఎవరికో చెబుతుంటే వినలేక, పలకరించకుండానే వచ్చేశాను.

ఆ పాత ఆటలన్నీ మనవడి ఫోన్‌లో ఇప్పుడు ఊరికే వస్తాయట. మా వీధిలో మగ్గం చప్పుడే లేదు. నాయన అంచు ఎత్తుకున్నవాళ్ళు ఏ ఊళ్ళో ఉన్నారో గాని, ఇన్నేళ్ళలో ఒక్కరూ తొలి చీర పట్టుకుని మా గడప తొక్కలేదు.