లోయలో పడ్డ చుక్క

మొన్న అచ్చంపేట బస్టాండులో బస్సు కోసం నిలబడితే, ఎదురుగా అడవి పెరిగిందని చాటే పెద్ద బోర్డు కనిపించింది. పచ్చటి చెట్లు, వాటి ముందు ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన జింక. నా ఒళ్లు మండిపోయింది. పక్కనున్నామె నా మొహం చూసి, "ఎండదెబ్బ తగిలిందా అమ్మా?" అంటూ నీళ్ల సీసా ఇచ్చింది. ఎండ కాదు తల్లీ, అక్క గుర్తొచ్చింది.

అక్క అంటే తోబుట్టువు కాదు. తెలంగాణ వచ్చిన కొత్తలో అమ్రాబాద్ అడవిలో నేను ఒక ముక్కకు కాపలా కాసే బీటు ఉద్యోగం చేస్తున్నప్పుడు మా సెక్షన్ ఆఫీసరు. నల్లగొండ వైపు మనిషి. గట్టిగా నవ్వేది, నడకలో మగవాళ్లను కూడా వెనక్కి నెట్టేసేది. మధ్యాహ్నం ఏ చెట్టు నీడన కూర్చున్నా తన డబ్బాలోని పచ్చిపులుసు అందరికీ పోసి, చివరికి తను ఉత్త అన్నం తినేది. అడవి లెక్కకు ఆమెతోనే వెళ్లేదాన్ని. చెట్లన్నిటినీ కొలవడం ఎవరి తరమూ కాదు కాబట్టి, పటం మీద ఎటూ మొగ్గు చూపకుండా కొన్ని చుక్కలు పెడతారు. చుక్క ఎక్కడ పడితే అక్కడికే పోయి, చుట్టూ తాడుతో హద్దు పెట్టి, లోపలి చెట్ల లావు టేపుతో కొలవాలి. మంచి చోటు చూసుకుని కొలిస్తే అది లెక్క కాదు, ముఖస్తుతి.

ఆ ఏడు ఒక చుక్క లోయలో పడింది. నిప్పంటుకుని వెదురంతా పోయిన చోటు. మా పై అధికారి జీపు దిగకుండానే చెప్పాడు:

"గా రోడ్డు పక్క టేకు తోటల కొల్చి రాయుండ్రి. ఎవలొచ్చి చూస్తరు?"

"చుక్క గీడ పడలే సార్. మనం జరిపితె గది అడివి లెక్క గాదు, మన లెక్క," అంది అక్క.

ఇద్దరం రాళ్లను ఆసరా చేసుకుంటూ లోయలోకి దిగాం. కింద అంతా మోళ్లు, ముళ్లపొదలు. తేనె కోసం వచ్చిన చెంచు పెద్దమ్మ ఒకామె మమ్మల్ని చూసి ఆశ్చర్యపోయింది.

"చెట్లే లేకపాయె, ఏం కొలుస్తరు బిడ్డా?"

"లేవనే రాస్తం పెద్దమ్మా. గట్ల రాస్తెనే మంటలార్పెటోళ్లను పెడ్తరు," అంది అక్క.

తీరా నివేదిక వచ్చేసరికి ఆ లోయ దట్టమైన అడవి అయిపోయింది! మా వెనక ఇంకెవరితోనో టేకు తోట కొలిపించారు. మీటింగులో అక్క లేచి నిలదీసింది. నేనూ లేచి, "నేను గూడ దిగిన సార్, ఆడ చెట్లు లేవు," అన్నాను. "ఎండల తిరిగి తలకాయ ఖరాబైంది, జర నీడకు పోండ్రి," అని నవ్వాడు ఆ అధికారి. వారం తిరక్కుండా అక్కను మొక్కలు పెంచే నర్సరీకి పంపించేశారు.

దట్టమైన అడవికి కాపలా ఎందుకని ఎవరినీ పెట్టలేదు. మరుసటి ఎండాకాలం మంట లోయలోంచి పైకెక్కి, గట్టు మీద మిగిలిన ఇప్ప చెట్లను కూడా తినేసింది. పెద్దమ్మ ఆఫీసుకు వచ్చి గుమ్మంలో నిలబడి, "లేవని రాస్తమంటిరి గద బిడ్డా," అంది. అంతే. తిట్టినా బాగుండేది.

అక్క సెలవు పెట్టి వచ్చి, పెద్దమ్మను వెంటబెట్టుకుని ఇంకా పైవాళ్ల దగ్గరికి వెళ్లింది. మళ్లీ కొలిచారు, లెక్క దిద్దారు, పెద్దమ్మ కొడుకులనే మంటల కాపలాకు పెట్టారు. కానీ ఆ అధికారికి ప్రమోషన్ వచ్చింది. అక్క నర్సరీలోనే రిటైరయింది. తప్పయిందని ఒక్కరూ అనలేదు ఆమెతో.

ఎప్పటి సంగతో, ఇంకా ఎందుకా కోపం అంటారు మా ఇంట్లో. కాలిన చోట ఒక ఇప్ప చెట్టు మొలిచి, పెరిగి, పూతకు రావడానికి పట్టే కాలం ముందు నా కోపం వయసెంతని?