నైస్ అన్న మాటా, మా ఇంటి గ్లాసులూ

ఇంగ్లీషు పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. మాటల పుట్టుపూర్వోత్తరాలంటే నాకు పిచ్చి. వినేవాళ్లు దొరికితే వదిలిపెట్టను. కువైట్ వెళ్లే ఆడవాళ్లకి మా వీధి అరుగు మీద మధ్యాహ్నాలు నాలుగు ఇంగ్లీషు ముక్కలు నేర్పుతుంటాను, ఊరికే. ఊరికే నేర్పుతున్నానని నలుగురిలో చెప్పుకోవడం కూడా నాకు ఇష్టమే.

పోయిన వేసవిలో కాలవ అవతలి పేట నుంచి ఒకామె వచ్చేది. భర్త కొబ్బరి దింపు పనికి వెళతాడు. కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనికి ఆమెను ఏజెంటు కుదిర్చాడు గానీ, ఆ ఇంటి యజమానురాలు వీడియో కాల్‌లో మాట్లాడి, నచ్చితేనే వీసా. ఆ పని దొరికితే పిల్ల నర్సింగు చదువు ఆగదని ఆమె ఆశ. ఆమె కన్నా నాకే పట్టుదల ఎక్కువైంది.

ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

“ఏటండీ టీచరుగారూ, చీర బాగున్నా నైసే, కూర బాగున్నా నైసే, మనిషి మంచోడైనా నైసే. ఇంగ్లీషోళ్లకి మాటలు కరువాండీ?”

ఇక నాకు పండగే. ఆ మాట లాటిన్‌లో పుట్టినప్పుడు ‘ఏమీ తెలియనివాడు’ అని అర్థమని చెప్పాను. ఫ్రెంచి వాళ్ల నోట నానుతూ ఇంగ్లండు చేరేసరికి ఆ తెలియనివాడు కాస్తా తెలివితక్కువవాడయ్యాడు. తర్వాత సిగ్గరి అయ్యాడు. ఆ తర్వాత మన మడి మనుషుల్లా అన్నిటికీ వంకలు పెట్టే చాదస్తుడయ్యాడు. చాదస్తంలోంచి నాజూకు వచ్చింది, సన్నని తేడాలు పట్టే నేర్పు వచ్చింది, ఎప్పటికో ‘బాగుంది’ అన్న అర్థం వచ్చింది. మనవాళ్లు తక్కువ తిన్నారా? పిండి నైసుగా రుబ్బుతారు, జాకెట్టు గుడ్డ నైసుగా ఉందంటారు, చందాలకి వచ్చినవాళ్లని నైసుగా పంపించేస్తారు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. “అయితే మా అత్తగారు పాతకాలం నైసండి బాబూ! నా చేతి పులుసుకి వంక పెట్టని రోజు లేదండి.”

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనరు. గుమ్మంలోకి ఎవరు వచ్చినా రండి, కూర్చోండి, కాఫీ తాగి వెళ్లండి అంటారు. కాకపోతే పేట నుంచి వచ్చినవాళ్లకి కాఫీ పేపరు గ్లాసులో ఇస్తారు. మా అత్తగారి రోజుల్లో అలాంటివాళ్ల కోసం పెరటి చూరులో ఒక గ్లాసు దోపి ఉండేది. పేపరు గ్లాసులు వచ్చాక ఆ గొడవ పోయిందని, అందరికీ సుఖంగా ఉందని అనుకున్నాం. ఆమె రోజూ తాగి, గ్లాసు నలిపి, ప్రహరీ అవతల తనే పారేసి వచ్చేది. నేను రోజూ చూస్తూనే ఉన్నాను. చూడనట్టు ఉండడం నాకు బాగా చేతనవును.

వాళ్ల పేటలో సిగ్నల్ సరిగా అందదని ఆ వీడియో కాల్ మా అరుగు మీదే పెట్టుకున్నాం. మామూలుగా మెట్టు మీద కూర్చునే మనిషికి ఆ పూట కుర్చీ వేశాను. ఫోన్ ఆమె ఎదురుగా స్టూలు మీద నిలబెట్టి, నేను పక్కనే కూర్చున్నాను. కాల్ కలిసే ముందే మా కోడలు కాఫీ తెచ్చింది, నాకు స్టీలు గ్లాసులో, ఆమెకి పేపరు గ్లాసులో.

కువైట్ ఆవిడ నెమ్మదస్తురాలు. వంటల గురించి అడిగింది, పిల్లల గురించి అడిగింది. ఆమె తడబడకుండా చెప్పింది. చివరికి ఆవిడ, “మా ఇంట్లో అందరం ఒకే కప్పుల్లో తాగుతాం, ఒకే పళ్లాల్లో తింటాం. ఇంతకుముందు పనిచేసినామె తనకి వేరేగా పెట్టమనేది. మీ వైపు అలాగేనా? ఇప్పుడు నువ్వున్న ఇంట్లో ఎలా?” అని ఇంగ్లీషులో అడిగింది.

ఆమె చేతిలోని పేపరు గ్లాసు మెల్లగా కిందికి దిగింది. ఫోనుకి కనపడకుండా కుర్చీ పక్కకి వెళ్లింది.

“సేమ్ గ్లాస్ మేడం. దిస్ ఈజ్ మై టీచర్ హౌస్. టీచర్ వెరీ నైస్.”

నా వైపు చూడలేదు. ఆమె నా పరువు కాపాడుతోంది, నేను కూర్చుని కాపాడించుకుంటున్నాను. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

మర్నాడు మొహం వెలిగిపోతూ వచ్చింది. “రమ్మన్నారండీ! అంతా మీ దయేనండీ.”

నేను వంటింట్లోకి వెళ్లి, నేను తాగే స్టీలు గ్లాసులోనే కాఫీ పోసి తెచ్చి ఇచ్చాను. ఆమె గబుక్కున లేచి నిలబడింది.

“ఎందుకండీ! ఆ పేపరు గ్లాసు ఇచ్చెయ్యండి. ఇదైతే మళ్లీ మీకు ఇబ్బందండి.”

అందులో వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నా మీద నాకున్న కోపమంతా ఆమె మీద చూపించాను.

“తాగమంటున్నానా!”

“ఆయ్” అని, గ్లాసు పెదవులకి తగలకుండా ఎత్తి పోసుకుని తాగింది. కుళాయి దగ్గర కడిగి, కొంగుతో పొడిగా తుడిచి, నా చేతికిచ్చి, “వస్తానండీ” అని వెళ్లిపోయింది.

ఏదో గొప్ప పని చేసినట్టు లోపలికి నడిచాను. వంటింటి గుమ్మంలో మా కోడలు నా చేతి వైపే చూస్తోంది. నేనూ చూసుకున్నాను. ఆ గ్లాసుని రెండు వేళ్లతో అంచు పట్టుకుని, చీరకి తగలకుండా ఎడంగా మోసుకొచ్చాను.