అతుకు మోకు

మా అన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నేను ఊరి కల్లు మండువలో కూర్చుని దాన్ని అమ్మేవాణ్ని. కల్లుకే డబ్బులు, నా కోతలు ఉచితం. సాగర్ కాలువలో కొట్టుకొచ్చిన మొసలి ఒకటి మా చెట్టు కింద కల్లు లొట్టి ఖాళీ చేసి, మధ్యాహ్నం దాకా నా ఒళ్లో తలపెట్టి గురక పెట్టిందని చెప్తే, నమ్మనివాళ్లు కూడా ఇంకో సీసా అడిగేవాళ్లు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన మూడు నాలుగేళ్లకు అన్న కుడికాలు చల్లబడింది. మొదట నాలుగడుగులేస్తే పిక్క పట్టేసేది. తర్వాత కూర్చున్నా నొప్పే. ఒంట్లో షుగరు, పైన ముప్పై ఏళ్ల బీడీలు. బొటనవేలు నల్లబడ్డాక హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు తీసుకుపోయాను.

డాక్టరు నన్నొక్కణ్నే వరండాలోకి పిలిచాడు. కాలికి పోయే రక్తనాళం మూసుకుపోయిందట. ఎడమకాలి నుంచి ఒక నరం తీసి, మూసుకున్న చోటును తప్పిస్తూ కుడికాలిలో అతకాలట. చేయకపోతే పాదం దక్కదు. చేసినా భయాలున్నాయన్నాడు. అతికిన నరంలో రక్తం గడ్డకట్టి మళ్లీ మూసుకుపోవచ్చు. షుగరు వల్ల ఎడమకాలి కోత చీము పట్టొచ్చు. గుండె తట్టుకోకపోవచ్చు. ఇంత చేశాక కూడా కాలు తీసేయాల్సి రావచ్చు.

"ఆయనకు నా మాట సరిగ్గా అందడం లేదు. మీ మాటల్లో ఒక్కటీ దాచకుండా చెప్పండి. అన్నీ తెలిసే సంతకం పెట్టాలి" అన్నాడు.

నిజం చెప్పి రమ్మని నన్నొకరు పంపడం అదే మొదలు.

అన్న మంచం మీద పాదాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"ఏమన్నడురా?"

"ఏమున్నదన్నా, ఎడమకాలు నుంచి నరం తీసి గీ కాలుకు ఏస్తరంట."

"మంచి కాలును కోస్తరా? గదేందిరా! అతుకేసిన మోకుతోని ఎవడన్న చెట్టెక్కుతడా?"

మోకు అంటే గీసేవాణ్ని చెట్టుకు పట్టి ఉంచే తాడు. ఒక్క పేట తెగినా అన్న దాన్ని అతికేవాడు కాదు, కొత్తది తెచ్చుకునేవాడు. అతుకు మోకుతో ఎక్కిన మా చిన్నాయిన కిందికెట్లా వచ్చాడో కళ్లారా చూసినవాడు.

అన్న భయపడగా నేను మొదటిసారి చూసింది అప్పుడే. డాక్టరు చెప్పినవన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి. నా నోరు మాత్రం తనకలవాటైన పనే చేసింది.

"ఆలేరు కాడ ఒకాయన గిట్లనే చేయించుకున్నడంటన్నా. మూడో నెలల చెట్టెక్కిండు. ఎక్కుడు గాదు, చెట్టు మీదికి ఉరికిండు. కోతులు చూసి సిగ్గుతోని దిగిపోయినయంట!"

అన్న పకపకా నవ్వాడు. "నీ నోట్ల మన్నువడ! ఇగ ఫికరేమున్నది, పెన్ను తే" అని సంతకం పెట్టాడు.

ఆపరేషనయ్యాక వారం రోజులు పాదం వెచ్చగా ఉంది. చూడటానికి వచ్చినవాళ్ల చేతులు లాక్కుని మరీ దాని మీద పెట్టించేవాడు. తొమ్మిదో రోజు పొద్దున నేను ముట్టుకుంటే చల్లగా తగిలింది. అతికిన నరం మూసుకుపోయింది. మళ్లీ తెరవాలని చూశారు, కాలేదు. మోకాలి కింద తీసేశారు. నరం తీసిన ఎడమకాలి కోత ఐదు నెలలు మానక చీము కారింది.

ఇంటికొచ్చాక ఒకరోజు వదిన ఆ కట్టు విప్పుతుంటే, అన్న పుండు వైపు చూస్తూ అడిగాడు.

"ఆనాడు డాక్టరు గిది చెప్పిండా?"

"చెప్పిండు."

"కాలు పోవచ్చని?"

"గది గూడ చెప్పిండన్నా."

వదిన చేతులు ఆగిపోయాయి. తలెత్తి నన్ను చూసింది. అన్న మాత్రం పుండు వైపే చూస్తూ, "చెప్తె గూడ చేయించుకుందునేమోరా. ఏమో. మంచి కాలును ముట్టద్దందునేమో" అన్నాడు.

ఇప్పుడు మండువలో నా జాగాలో అన్న కూర్చుంటున్నాడు. మిగిలిన కాలు మీదా ఎక్కువసేపు నిలబడలేడు. చెట్లు వేరేవాళ్లు గీస్తున్నారు, నేను కల్లు పోస్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లెవరైనా "కాలెట్ల పోయిందే మామా?" అంటే, అన్న గడ్డంతో నా వైపు చూపిస్తాడు.

"మా తమ్ముణ్నడుగు. మంచిగ చెప్తడు."

అందరూ నవ్వడానికి సిద్ధమై నా వైపు తిరుగుతారు. నేను తల వంచుకుని లొట్టి వంచుతాను.